శ్రమకాలములో మన ఉపవాసము

చదువవలసిన వేదభాగములు: యెషయా 58 అధ్యాయము; మత్తయి 6:1-18; ద్వితీయోపదేశకాండము 24:14, 15



శ్రమకాలము మన పల్లెలకు ఎట్టి సమయములో వచ్చుచున్నదో మొదట చూచుకొందము. పట్టణమువారికి అది క్యాలెండరులో ఒక బుధవారము. మనకట్లు కాదు. అప్పటికి యాసంగి వరి పొట్టకు వచ్చుచుండును. జగిత్యాల వైపు పసుపు ఉడుకబెట్టు పొయ్యిలు మండుచుండును. మిరప చేలలో కాయ ఎర్రబడి ఏరువారి కొరకు కాచుకొని యుండును. ఆదిలాబాదు నల్లరేగళ్లలో పత్తి చివరి ఏరుడు ముగిసి కట్టె పీకుచుందురు. ఇంకొన్ని దినములు గడచిన అడవిలో ఇప్పపువ్వు రాలుట మొదలగును. కూలికి పిలుపు వచ్చు దినములివి. ఎండ ముదురు దినములును ఇవే. ఈ దినములలోనే సంఘము మనలను ఉపవాసమునకు పిలుచుచున్నది.

అట్లయిన పొద్దుపొడుపు మొదలు పొద్దుగూకు వరకు చేనిలో వంగి పనిచేయువారు ఎట్లు ఉపవాసముండవలెను? ఈ ప్రశ్నకు మేము ఒకప్పుడు తప్పుడు జవాబు చెప్పితిమి. ఆ సంగతి దాచక చెప్పుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము. దానికి ముందు ఈ నలువది దినములు ఎక్కడనుండి వచ్చినవో రెండు మాటలలో చెప్పెదము.

భస్మ బుధవారము మొదలుకొని పునరుత్థాన పండుగకు ముందటి శనివారము వరకు లెక్కించినయెడల 46 దినములు వచ్చును. వాటిలో ఆరు ఆదివారములున్నవి. ఆదివారము ప్రభువు మృతులలోనుండి లేచిన దినము గనుక ఉపవాస దినముగా ఎంచబడదు. మిగిలినవి నలువది. మోషే సీనాయి కొండమీద నలువది దినములుండెను. ఏలీయా నలువది దినములు నడచి హోరేబు చేరెను. మన ప్రభువు నలువది దినములు అరణ్యములో ఉపవాసముండెను. అయినను ఈ కాలమును ఆచరించుడని వేదములో ఎక్కడను ఆజ్ఞ లేదు. రెండవ శతాబ్దములో ఐరేనియస్ అను బిషపు వ్రాసిన జాబును బట్టి చూడగా, ఆ కాలపు క్రైస్తవులలో కొందరు పండుగకు ముందు ఒక దినము, కొందరు రెండు దినములు, మరికొందరు నలువది గంటలు ఉపవాసముండిరి. ఇట్లు భేదమున్నను వారు సమాధానముగా నుండిరని ఆయన వ్రాసెను. క్రీ.శ. 325లో నీకయ పట్టణమున కూడిన సభ తీర్మానములలో నలువది దినముల ప్రస్తావన కనబడుచున్నది.

ఇది తెలిసికొనుట మంచిది. ఏలయనగా మన సంఘములలో కొందరు ఈ దినములను ధర్మశాస్త్రమంత గట్టిగా పట్టుకొని, ఆచరించనివారిని తక్కువగా చూచుచున్నారు. మరికొందరు ఇది మనుష్యుల కల్పన అని తోసివేయుచున్నారు. ఇద్దరును తొందరపడుచున్నారని మా అభిప్రాయము.

మన ప్రాంతపు సంగతియు కొంత గమనింపదగినది. 1870ల చివర సికింద్రాబాదునకు వచ్చి అక్కడనుండి తెలంగాణా పల్లెలకు సువార్త తెచ్చిన వెస్లియన్ మిషనెరీలు, ఆంగ్లికను సంఘమువారివలె పండుగల పట్టికను అంత నిష్ఠగా పాటించినవారు కారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలు వారు ఒక్క సంఘమైరి. అప్పటినుండి శ్రమకాలము మనందరి కాలమైనది. అయితే మెథడిస్టులకు ఉపవాసము క్రొత్తది కాదు. జాన్ వెస్లీ తన యౌవనములో బుధవారమును శుక్రవారమును మధ్యాహ్నము మూడు గంటల వరకు ఉపవాసముండెడివాడు. కొండమీది ప్రసంగముమీద ఆయన చేసిన ప్రసంగములలో ఒకటి ఉపవాసమును గూర్చినదే. శరీరము ఓర్చుకొనలేనంతగా దానిని నలుపరాదని అందులో ఆయన హెచ్చరించెను. ఆ హెచ్చరికను మేము సెమినరీలో చదివితిమి. పరీక్షలోను వ్రాసితిమి. పల్లెకు వచ్చినప్పుడు మరచితిమి.

మా మొదటి పాస్టరేటులో జరిగిన సంగతి చెప్పెదము. సెమినరీనుండి వచ్చి ఏడాది గడచియుండెను. ఉత్సాహము ఎక్కువ, అనుభవము తక్కువ. భస్మ బుధవారపు ఆరాధనలో మేము గట్టిగా ప్రసంగించి, పదునైదేండ్లు దాటిన వారందరును ప్రతి శుక్రవారము పొద్దుగూకు వరకు ఏమియు తినక ఉండవలెనని ప్రకటించితిమి. ఎవరును ఎదురు చెప్పలేదు. మన పల్లెలలో అయ్యగారు చెప్పినదానికి ఎదురు చెప్పరు. దానిని మేము సమ్మతి అనుకొంటిమి.

మూడవ శుక్రవారము మధ్యాహ్నము ఒక చిన్నవాడు పరుగెత్తుకొని వచ్చెను. మిరప చేనిలో ఒక సహోదరి పడిపోయినదట. మేము వెళ్లునప్పటికి ఆమెను వేపచెట్టు క్రింద పడుకోబెట్టి ముఖముమీద నీళ్లు చల్లుచుండిరి. కొంగు ఇంకను ముక్కునకు చుట్టియే యున్నది. మిరప ఘాటునకు ఏరువారు అట్లు కట్టుకొందురు. ఆమె పాలిచ్చు తల్లి. ఎనిమిది నెలల బిడ్డ ఆ చెట్టునకే కట్టిన చీర ఉయ్యాలలో ఏడ్చుచుండెను. గురువారము రాత్రి గట్క త్రాగిన తరువాత ఆమె ఏమియు తినలేదు. ఇరుగుపొరుగువారు తెచ్చిన సద్ది ఇచ్చినను ముట్టలేదు. ఎందుకు తినలేదమ్మా అని మేమడిగితిమి.

"మీరే ఉపాసం ఉండుమన్నరు గద అయ్యగారూ" అని ఆమె మెల్లగా చెప్పెను.

ఆమె అత్త ప్రక్కనే కూర్చుండెను. పెద్ద వయస్సు మనిషి. ఆమె మా ముఖము చూడకయే చెప్పిన మాట నేటికిని మా చెవులలో నున్నది. "అయ్యగారూ, మీరు ఉపాసం ఉండి నీడపట్టున కూసుంటరు. మేము ఉపాసం ఉండి ఎండల వంగుతం. రెండు ఒక్కటేనా?"

మాకు జవాబు రాలేదు. ఆ దినము మేమును ఉపవాసముతోనే యుంటిమి, అది నిజమే. ఉదయము వేదము చదివి, పది గంటలకు కొంతసేపు పడుకొని లేచి, సాయంత్రపు కూటము కొరకు మాటలు సిద్ధపరచుకొనుచుండగా ఆ కబురు వచ్చెను.

సంగతి అంతటితో ముగియలేదు. ఆ చేను మన సంఘస్థునిదే. ఆయనయు ఆ శుక్రవారము ఉపవాసములోనే యుండెను. మేము వెళ్లునప్పటికి గట్టుమీద తువాలు పరచుకొని కీర్తనల గ్రంథము చదువుకొనుచుండెను. ఆయన దుర్మార్గుడు కాడు, గుడికి సున్నము వేయించిన మనిషి. అయితే చెట్టు క్రింద మాటలాడుచున్న స్త్రీలవలన మాకు తెలిసినదేమనగా, మిరప ఏరువారికి రెండు వారముల కూలి అప్పటికి రావలసియున్నది. కాయ వరంగల్ మార్కెట్టులో అమ్మిన తరువాత ఇచ్చెదనని ఆయన చెప్పియుండెను. ధర రాలేదని కాయ కుప్పగానే యున్నది.

ఆ రాత్రి మేము యెషయా యేబది ఎనిమిదవ అధ్యాయము తీసి చదివితిమి. అంతకుముందు ఎన్నిమారులో చదివితిమి. దానిమీద ప్రసంగించియుంటిమి. ఆ రాత్రి మాత్రము అది మన ఊరి చేనిలో వ్రాసినట్లు కనబడెను.

ప్రియులారా, ఆ అధ్యాయము మూడవ వచనము తెరచి చూడుడి. జనులు దేవునితో ఒక ఫిర్యాదు చేయుచున్నారు: మేము ఉపవాసముండగా నీవు చూడవేమి, మమ్మును మేము తగ్గించుకొనగా నీవు ఎరుగవేమి అని. దేవుడు వారి ఉపవాసపు గంటలను లెక్కపెట్టలేదు, వారు తినిరా తినలేదా అని విచారించలేదు. మీరు ఉపవాసమున్న దినమున మీ పనివారి సంగతి ఏమి అని అడుగుచున్నాడు. యజమాని కడుపు ఖాళీగా నున్నది. పనివాని మీద బరువు మాత్రము తగ్గలేదు. నాలుగవ వచనములో కలహమును గూర్చి చెప్పబడినది. ఆకలితో నున్న యజమానికి కోపమెక్కువ వచ్చుట మనము చూచినదే గదా! ఐదవ వచనములో తలవంచుట, గోనెపట్ట, బూడిద అన్నియు వరుసగా వచ్చును. బుధవారమున మన నొసటిమీద పెట్టుకొను బూడిదయు ఆ వరుసలోనిదే. దేవుడు దానిని ఎగతాళి చేయలేదు. ఇంతేనా అని మాత్రము అడిగెను. ఆరు, ఏడు వచనములలో తానేర్పరచుకొనిన ఉపవాసమేదో చెప్పెను: కట్లు విప్పుట, కాడి విరుచుట, ఆకలిగొనినవానితో ఆహారము పంచుకొనుట, దిక్కులేనివానిని ఇంట చేర్చుకొనుట, వస్త్రహీనునికి వస్త్రమిచ్చుట, తన రక్తసంబంధికి ముఖము చాటు చేయకుండుట.

ఒక్క సంగతి ఇక్కడ గమనించుడి. ఉపవాసములో మిగిలిన అన్నము ఎక్కడికి పోవలెనో ఏడవ వచనము చెప్పుచున్నది. మనము తినని ముద్ద మరియొకరి విస్తరిలోనికి పోవలెను. అది రాత్రికి మన విస్తరిలోనికే రెండింతలుగా వచ్చినయెడల మనము ఉపవాసముండలేదు, భోజనము వేళ మార్చుకొంటిమి, అంతే.

ఇక ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయము పదునాలుగు, పదునైదు వచనములు చూడుడి. దీనుడైన కూలివాని కూలి ఆ దినముననే, పొద్దు క్రుంకకముందే ఇయ్యవలెనని మోషే చెప్పుచున్నాడు. కారణము కూడ చెప్పెను: వాని ప్రాణము దానిమీదనే పెట్టుకొనియున్నాడు. ధర వచ్చిన తరువాత అను మాట అందులో లేదు. యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయములో బిగబట్టిన కూలియే మొఱ్ఱపెట్టుచున్నదనియు, కోసినవారి కేకలు దేవుని చెవిని చేరినవనియు వ్రాసెను. మనము ఉపవాసకూటములో పెట్టు మొఱ్ఱయు ఈ మొఱ్ఱయు ఒక్కసారి పైకి వెళ్లినయెడల దేవుడు ఏది ముందు వినును?

మన పెద్దలు ఈ వచనములను వినిన విధము వేరు. మన తాతలలో అనేకులు దొరల గడీలకు వెట్టి చేసినవారు. కూలి లేక, కాలము లేక, పిలిచినప్పుడు పోయి పనిచేసినవారు. వారికి యెషయా మాట తమ పక్షముగా పలికిన మాట. నేడు మనలో కొందరికి రెండెకరములున్నవి. కొందరు దుబాయికి, మస్కట్టునకు పోయి సంపాదించి ఇండ్లు కట్టించిరి. కొందరు సింగరేణిలో జీతగాండ్రు, కొందరు పంతుళ్లు. మనమే కూలివారిని పిలుచు దినము వచ్చినది. దేవునికి స్తోత్రము. అయితే అదే వచనము ఇప్పుడు మన ముఖమువైపు తిరిగియున్నది. దీనిని బోధించుట మాకును కష్టమే. పాస్టరుకు కానుకనిచ్చువారు వీరే గదా! ఆ రాత్రి యెషయాను మూసిన తరువాత మాకు మా ఇంటి సంగతి జ్ఞాపకము వచ్చెను. పాస్టరు ఇంటికి నీళ్లు మోయు పిల్లకు ఆ నెల జీతము ఇంకను ఇయ్యలేదు. మాకు జీతము ఆలస్యమైనదని ఆమెకును ఆలస్యము చేసితిమి. మరునాడు ఉదయము అప్పు తెచ్చి ఇచ్చితిమి. తరువాత ఆ చేను సహోదరుని యింటికి వెళ్లితిమి.

ఆయన సంతోషింపలేదు. రెండు ఆదివారములు గుడికి రాలేదు. అయ్యగారికి వ్యవసాయము సంగతి ఏమి తెలియునని ఊరిలో అనెనట. అందులోను కొంత నిజమున్నది, ధర లేని యేడు రైతు పాటు చిన్నది కాదు. సిలువ శుక్రవారమునకు ముందటి గురువారము సాయంత్రము ఆయన కూలివారి వాడకు పోయి, నిలువబడి, ఒక్కొక్కరికి లెక్కపెట్టి ఇచ్చెను. మొత్తమా సగమా మేము అడుగలేదు. ఆ రాత్రి ప్రభు భోజనమునకు వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను.

అప్పటినుండి మేము అందరికిని ఒక్క కట్టడ ప్రకటించుట మానితిమి. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, షుగరుకు మాత్రలు వేసికొనువారు, జబ్బుపడి లేచినవారు, ఎండలో బరువు పని చేయువారు పని దినమున అన్నము మానవద్దు. బాయిలో షిఫ్టు దిగువాడు ఆకలితో దిగవద్దు. కండ్లు తిరిగినయెడల ప్రమాదము అతనికి మాత్రమే కాదు. ఇట్లు చెప్పిన కొందరు నొచ్చుకొందురు, తమకు భక్తి తక్కువని ఎంచితిమని. అట్లు కాదు. వారు మానదగినవి వేరే యున్నవి.

కల్లు సంగతి చూడుడి. నలువది దినములు కల్లు ముట్టనని మ్రొక్కుకొనువారు మన పల్లెలలో అనేకులున్నారు. మంచిదే, ఇంటిలో భార్యాపిల్లలు నలువది దినములు నెమ్మదిగా నిద్రింతురు. కాని పండుగ దినమున ఆరాధన ముగియగానే తాటివనమునకు పరుగెత్తువారిని కూడ మేము చూచితిమి. మరి ఆ నలువది దినములలో మిగిలిన పైకము ఎక్కడ? ప్రతి సాయంత్రము కల్లుకు పోవు రూపాయలు ఒక డబ్బాలో వేయుడి. పండుగ నాటికి తెరచి చూడుడి. అంత సొమ్ము మన ఇంటినుండి ఏటేట పోవుచున్నదా అని మీరే ఆశ్చర్యపడుదురు.

ఇంటి తల్లులను గూర్చి ఒక మాట. మన ఇండ్లలో అందరు తినిన తరువాత కుండలో మిగిలినది తినువారు ఎవరు? కూర చాలనప్పుడు కారము మెతుకులతో సరిపెట్టుకొనువారు ఎవరు? వారికి ఏడాది పొడుగున ఉపవాసమే, ఏ క్యాలెండరులోను వ్రాయబడలేదు. కావున సహోదరులారా, ఈ నలువది దినములు మీరు ఆమెకు ముందు వడ్డించి, ఆమె తినిన తరువాత తినుడి. ఒక సంఘములో మేము ఈ మాట చెప్పినప్పుడు పురుషుల వైపు నవ్విరి, స్త్రీల వైపు ఎవరును నవ్వలేదు.

మన ఊరిలో ఉపవాసముండువారు మనము మాత్రమే కాదు. శివరాత్రికి పొరుగువారు ఒక్కపొద్దు ఉందురు. 2025లో రంజాను మార్చి 2న మొదలాయెను, మన భస్మ బుధవారము మార్చి 5న వచ్చెను. ఒక్క వీధిలోనే సాయబుల యింట సహరికి దీపము వెలుగుచుండగా మన యింట వేకువ ప్రార్థనకు దీపము వెలిగెను. అప్పుడు ఒక సహోదరుడు మాతో, "వాళ్లు మంచినీళ్లు గూడ ముట్టరు అయ్యగారూ, మనం చాయ తాగుతం, మనది తక్కువ గాదా?" అనెను. ఎక్కువ తక్కువలు చూచుకొనుటయే మత్తయి ఆరవ అధ్యాయములో ప్రభువు మానుమన్నది. పొరుగువారి నిష్ఠను చూచి గౌరవింపవచ్చును, నేర్చుకొనవచ్చును. దానితో పందెము వేయరాదు. తల అంటుకొని ముఖము కడుగుకొనుమని ప్రభువు చెప్పెను. ఉపవాసమున్నవాడు అందరివలెనే కనబడవలెనని ఆయన ఉద్దేశము.

ఇక వేదపఠనము. మార్కు సువార్తలో 678 వచనములున్నవి. దినమునకు పదునేడు చొప్పున చదివినయెడల నలువది దినములలో పూర్తియగును. రాత్రి భోజనమునకు ముందు, వాకిట్లో మంచము వేసికొని, బడికి పోవు పిల్లవాడు చదువవలెను, పెద్దలు వినవలెను. చదువు రానివారున్న ఇండ్లలో నేడు సెల్‌ఫోనులోనే తెలుగు వేదము చదివి వినిపించు సదుపాయమున్నది, దానిని వాడుకొనుడి. ఒక్కొక్క దినము ఒక్క ప్రశ్న చాలును: ఈ భాగములో ప్రభువు ఎవరిని చూచి ఆగెను? మార్కు ఈ ప్రశ్నకు దాదాపు ప్రతి అధ్యాయములోను జవాబిచ్చును. త్రోవప్రక్కన కూర్చున్న గ్రుడ్డివాడు, జనములో దాగిన స్త్రీ, కానుక పెట్టెయొద్ద రెండు కాసులు వేసిన విధవరాలు.

బుధవారములకు వేరుగా ఒక ఏర్పాటు చేసికొనవచ్చును. పశ్చాత్తాప కీర్తనలని సంఘము పూర్వమునుండి ఎంచినవి ఏడు: 6, 32, 38, 51, 102, 130, 143. భస్మ బుధవారము మొదలు పరిశుద్ధ వారములోని బుధవారము వరకు ఏడు బుధవారములే యున్నవి. వారమునకొక కీర్తన. వాటిలో యేబది యొకటవదానిని కంఠతః నేర్చుకొనుడి. మన ముసలమ్మలలో అక్షరము రాకపోయినను దానిని తప్పులేకుండ చెప్పువారున్నారు.

పిడికెడు బియ్యము సంగతి మీకు చెప్పనక్కరలేదు. పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడు ప్రభువు పేర ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయుట మన తల్లులు నేర్పిన భక్తి. కొన్ని ఇండ్లలో అది మరుగున పడినది. గ్యాసు పొయ్యి వచ్చినది, కుక్కరు వచ్చినది, కుండ పోయినది. ఈ నలువది దినములకైన ఆ కుండను తిరిగి పెట్టుడి. ఉపవాసముండలేని కూలి తల్లియు ఈ పిడికెడు తీయగలదు. యెషయా చెప్పిన ఉపవాసములో ఆమెకును పాలు కలుగును. జొన్నలు తినువారు జొన్నలు, మక్కలున్నవారు మక్కలు తేవచ్చును.

ఆ బియ్యమును మట్టల ఆదివారమున గుడికి తేవలెను. సంఘ పెద్దలు దానిని కొలిచి, ఆ సోమవారమే పనికి పోలేక ఇంట నున్నవారికిని, విధవరాండ్రకును, పొరుగు కులమైనను పొరుగు మతమైనను ఆకలితో నున్న ఇంటికిని పంచుదురు. పంచువారు చీకటి పడిన తరువాత వెళ్లుడి. పుచ్చుకొనువారిని వీధి చూడనక్కరలేదు. తెచ్చువారు సంచులమీద పేర్లు వ్రాయవద్దు. కూలి బాకీ యున్నవారు మాత్రము బియ్యము తెచ్చుటకు ముందు ఆ బాకీ తీర్చి రావలెను.